పోలీసులు ఇంటి మనిషిని తీసుకెళ్తే: మొదటి 24 గంటల్లో చేయాల్సిన పనులు

"మా తమ్ముణ్ణి నిన్న సాయంత్రం మఫ్టీలో వచ్చినవాళ్లు తీసుకెళ్లారు. స్టేషన్‌కు వెళ్తే ఇక్కడ లేడంటున్నారు. ఇప్పుడేం చేయాలి?" ఊళ్లు మారుతుంటాయి, అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్న మాత్రం ఇదే. చాలామంది రెండు మూడు రోజులు ఎదురుచూసి, పెద్దమనుషుల చుట్టూ తిరిగి, ఆ తర్వాత అడుగుతారు. అప్పటికి చేయగలిగింది సగానికి పడిపోతుంది. అందుకే దీన్ని అవసరం లేనప్పుడే చదివి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

చట్టం అరెస్టైన మనిషికి చాలా హక్కులు ఇచ్చింది. వాటిలో ఏది నిలబడాలన్నా అతణ్ణి ఎప్పుడు పట్టుకెళ్లారన్నది రుజువు కావాలి. పోలీసు కాగితాల్లో ఉండేది పోలీసులు రాసిన సమయమే. మంగళవారం రాత్రి ఎనిమిదికి ఇంటి దగ్గర తీసుకెళ్లిన మనిషిని గురువారం ఉదయం బస్టాండులో పట్టుకున్నట్టు రాస్తే, అది అబద్ధమని చెప్పడానికి మంగళవారం రాత్రే పుట్టిన కాగితం ఒకటి మీ చేతిలో ఉండాలి. కింద చెప్పే పనుల్లో సగం ఆ కాగితాన్ని పుట్టించడానికే.

రెండు హెచ్చరికలు. మొదటిది: వాట్సాప్ వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కదలొద్దు, డబ్బు పంపండి" అంటే అది మోసం. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. ఫోను పెట్టేసి 1930కి ఫిర్యాదు చేయండి. రెండోది: ఇక్కడ చెబుతున్నది మామూలు క్రిమినల్ కేసుల గురించి. పీడీ యాక్టు లాంటి ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకుంటే 24 గంటల నియమం వర్తించదు. ఆ కేసుల్లో నిర్బంధ ఉత్తర్వు, దానికి కారణాలు చూపే కాగితాలు అడిగి తీసుకుని వెంటనే హైకోర్టు లాయరును కలవాలి.

దగ్గర ఉండాల్సినవి

- తీసుకెళ్లిన మనిషి ఆధార్ నకలు, ఈమధ్య తీసిన ఫోటో
- అతనికి జబ్బు ఉంటే డాక్టరు చీటీ, మందుల పేర్లు
- ఛార్జింగ్ ఉన్న ఫోను, ఈమెయిల్ ఖాతా
- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకుంటే చాలదా అంటే చాలదు. స్టేషన్ గుమ్మంలోనే ఫోను పక్కన పెట్టమంటారు.
- జిల్లా ఎస్పీ లేదా పోలీసు కమిషనర్ ఈమెయిల్. జిల్లా పోలీసు వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఈరోజే వెతికి రాసిపెట్టుకోండి.
- న్యాయ సహాయం నంబరు: 15100. దేశమంతటికీ ఒకటే.

సెక్షన్ల గురించి ఒక మాట. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చింది. స్టేషన్‌లో ఇంకా "41ఏ నోటీసు" అనే అంటుంటారు. ఇప్పుడది 35(3). కింద ఇచ్చినవి కొత్త నంబర్లు.

1. తీసుకెళ్తున్నప్పుడే అడగండి

అడగాల్సినవి నాలుగు: మీరెవరు, ఏ స్టేషన్, ఏ కేసు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా గుర్తింపు పెట్టుకోవాలని 36వ సెక్షన్ చెబుతుంది. మఫ్టీలో ఉంటే గుర్తింపు కార్డు చూపమనండి. వాహనం నంబరు, రంగు, ఎంతమంది వచ్చారు, గడియారంలో ఎంతైంది రాసుకోండి. చూసిన పొరుగువాళ్లు ఇద్దరి పేర్లు కూడా అప్పుడే రాసుకోండి. వారం తర్వాత అడిగితే ఎవరూ చూడలేదంటారు.

మీ ఇంటి ముందు జరుగుతున్నదాన్ని వీడియో తీయడం నేరం కాదు. కానీ చేతులు అడ్డం పెట్టడం, జీపు ముందు కూర్చోవడం, పెనుగులాడటం వద్దే వద్దు. విధులకు ఆటంకం కలిగించారని మీ మీద ఇంకో కేసు పెడితే బయట తిరిగి పనిచేయాల్సిన మనిషి కూడా లోపలికి పోతాడు. ఫోను లాక్కునే పరిస్థితి వస్తే వీడియో ఆపేసి, తీసినంతవరకు వెంటనే మరొకరికి పంపండి.

అక్కడే అరెస్టు అంటే అరెస్టు మెమో రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయ వ్యక్తో సాక్షిగా సంతకం పెట్టాలి, అరెస్టైన మనిషి కూడా పెట్టాలి. సంతకం అడిగితే ముందు తేదీ, సమయం, స్థలం చూడండి. సమయం ఖాళీగా ఉంటే నింపమనండి. తప్పుగా ఉంటే సంతకం పక్కనే మీ చేతిరాతతో "మంగళవారం రాత్రి 8.10కి ఇంటి వద్ద తీసుకెళ్లారు" అని రాసి, దాని కింద సంతకం చేయండి. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి.

2. అరెస్టా, నోటీసా, ఊరికే విచారణా?

"విచారించి పంపిస్తాం" అన్న మాట దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి.

సాక్షిగా పిలవాలంటే 179వ సెక్షన్ కింద రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు బాలురను, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. తామే వెళ్తామంటే అది వాళ్ల ఇష్టం.

అనుమానితుడిగా పిలిస్తే 35(3) నోటీసు ఇవ్వాలి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా జరగాల్సింది ఇదే. అలాంటి కేసుల్లో అవసరం రుజువు కాకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఆదేశించింది. నోటీసు వస్తే తప్పక వెళ్లండి. వెళ్లకపోతే ఆ కారణంతోనే అరెస్టు చేయొచ్చు. వెళ్లిన ప్రతిసారీ హాజరైనట్టు రాయించుకోండి. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా వాట్సాప్‌లో వస్తే పట్టించుకోకుండా ఉండకండి. లాయరు ద్వారా జవాబివ్వండి.

మూడోది అరెస్టు. మనిషిని వెళ్లిపోనివ్వకుండా ఆపి ఉంచారంటే, కాగితం మీద ఏ పేరు పెట్టినా, అతని స్వేచ్ఛ పోయింది. 24 గంటల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది కానీ పోలీసులు అరెస్టు చూపించిన సమయం నుంచి కాదు. తెలంగాణ హైకోర్టు 2024లో ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. కాబట్టి "ఇంకా అరెస్టు చూపించలేదు" అన్న జవాబు విని వెనక్కి తిరగకండి.

3. స్టేషన్‌కు ఇద్దరు వెళ్లండి

ఒంటరిగా వద్దు, పదిమందితోనూ వద్దు. ఇద్దరిలో ఒకరు లోపల మాట్లాడాలి, మరొకరు బయట ఉండి ఫోన్లు చూసుకోవాలి. ఎస్సై లేడంటే ఆ సమయానికి స్టేషన్ బాధ్యత ఎవరిదో అడిగి ఆయనతోనే మాట్లాడండి. ఎవరితో, ఎన్ని గంటలకు మాట్లాడారో, ఏమన్నారో బయటికి రాగానే పుస్తకంలో రాయండి.

అరెస్టు చేస్తే ఆ విషయాన్ని, ఎక్కడ ఉంచారన్నదాన్ని అతను చెప్పిన బంధువుకో స్నేహితుడికో వెంటనే తెలపడం 48వ సెక్షన్ ప్రకారం పోలీసుల బాధ్యత. అరెస్టైనవాళ్ల పేర్లు, కేసు వివరాలు ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని 37వ సెక్షన్ చెబుతుంది. ఆ బోర్డు చూడండి. జిల్లా కంట్రోల్ రూంకు ఫోను చేసి పేరు చెప్పి అడగండి. అక్కడా జవాబు రాకపోతే 112కు చేసి, ఫలానా వ్యక్తిని ఫలానా చోట నుంచి పోలీసులమని చెప్పినవాళ్లు తీసుకెళ్లారు, ఆచూకీ లేదు అని చెప్పండి. ఆ కాల్ వాళ్ల రికార్డులోకి ఎక్కుతుంది. మీ ఫోనులో కాల్ జాబితాను చెరపకండి, ఫోటో తీసిపెట్టుకోండి.

మందులు, కళ్లద్దాలు ఇవ్వడానికి ప్రయత్నించండి. తీసుకుంటే అతను అక్కడే ఉన్నట్టు తేలిపోయింది.

4. ఆ రాత్రే ఈమెయిల్ పంపండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చాలామంది వదిలేసేదీ ఇదే. "ముందు మాట్లాడి చూద్దాం, రాస్తే కోపం వస్తుందేమో" అని ఆగుతారు. కస్టడీలో దెబ్బలు తగిలేది ఎక్కువగా ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని గంటల్లోనే. ఈ మనిషి మీ దగ్గర ఉన్నాడని మాకు తెలుసు, మాకు తెలుసన్న సంగతి పై అధికారికీ తెలుసు అన్నది స్టేషన్‌కు అర్థమైతే ఆ గంటలు లెక్కలోకి వస్తాయి.

ఎస్పీ లేదా కమిషనర్‌కు పంపండి. నకలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు, మీ లాయరుకు పెట్టండి. నమూనా ఇది:

"జిల్లా ఎస్పీ గారికి.

నా తమ్ముడు (పేరు, వయసు, ఊరు)ను (తేదీ) రాత్రి 8.10 గంటలకు మా ఇంటి వద్ద మఫ్టీలో వచ్చిన నలుగురు తెల్లరంగు వాహనంలో తీసుకెళ్లారు. వాహనం నంబరులో చివరి నాలుగు అంకెలు (...). తాము (...) స్టేషన్ పోలీసులమని చెప్పారు. దీన్ని చూసినవారు (ఇద్దరి పేర్లు). రాత్రి 9.30కి నేను ఆ స్టేషన్‌కు వెళ్లి అడగ్గా ఇక్కడ లేడని చెప్పారు. అరెస్టు కారణాలు గానీ, ఎక్కడ ఉంచారన్నది గానీ ఇంతవరకు మాకు తెలియజేయలేదు. అతనికి షుగరు ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి.

అతణ్ణి ఎక్కడ ఉంచారో వెంటనే తెలియజేయాలని, న్యాయవాదిని కలవనివ్వాలని, వైద్య పరీక్ష చేయించాలని, తీసుకెళ్లిన సమయం నుంచి 24 గంటల్లోగా మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని కోరుతున్నాను. ఈ రాత్రి 8 గంటల నుంచి ఆ స్టేషన్ సీసీ కెమెరా దృశ్యాలను భద్రపరచాలని కోరుతున్నాను.

(మీ పేరు, చిరునామా, ఫోను, తేదీ, సమయం)"

ఇందులో అతను నిర్దోషి అని వాదించలేదు, ఎవరినీ తిట్టలేదు. చూసింది, విన్నది, అడుగుతున్నది మాత్రమే ఉంది. మీరూ అలాగే రాయండి. వాహనం నంబరు సగమే తెలిస్తే సగమే రాయండి. ఊహించి రాసిన ఒక్క తప్పు వివరం దొరికినా మిగతా నిజాన్నంతా దాంతోనే కొట్టిపారేస్తారు.

ఈమెయిల్ చేతకాకపోతే, తెల్లవారగానే తపాలా కార్యాలయంలో స్పీడ్ పోస్టు చేసి రసీదు ఉంచుకోండి. ఇంతకుముందు తెలుగు జిల్లాల్లో ఇలాంటప్పుడు ప్రధాన న్యాయమూర్తికి టెలిగ్రాం ఇచ్చేవాళ్లు. ఆ సేవ 2013 జులైలో ఆగిపోయింది, ఈమెయిల్ ఆ పని చేస్తోంది. ఉత్తరంతో ఏమవుతుందని తేలిగ్గా తీసుకోకండి. అరెస్టుల మీద దేశం మొత్తానికి 11 ఆదేశాలిచ్చిన 1996 నాటి డి.కె. బసు తీర్పు, 1986లో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ నుంచి డి.కె. బసు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాసిన ఒక లేఖతోనే మొదలైంది.

5. లాయరును పెట్టండి, డబ్బు లేకపోయినా

కస్టడీలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేదు, తెల్ల కార్డు చూపనక్కరలేదు. 15100కు ఫోను చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. సహాయం కోర్టుకు తెచ్చాకే కాదు, స్టేషన్‌లో ఉన్నప్పుడు కూడా అడగొచ్చు.

విచారణ సమయంలో లాయరును కలిసే హక్కు 38వ సెక్షన్‌లో ఉంది. విచారణ జరుగుతున్నంతసేపూ పక్కనే కూర్చునే హక్కు మాత్రం లేదు. "పక్కన కూర్చోబెట్టండి" అని పట్టుబట్టి గొడవపడటం కంటే, పది నిమిషాలు కలవనివ్వమని రాతపూర్వకంగా అడిగితే కాదనడం కష్టం.

ఇక మధ్యవర్తి. "సీఐ నాకు తెలుసు, ఇంత ఇస్తే కేసు లేకుండా పంపిస్తా" అనేవాడు ప్రతి స్టేషన్ బయటా ఎవరో ఒకరు తగులుతారు. డబ్బు పోతుంది. అంతకంటే పెద్ద నష్టం, ఆ బేరం నడుస్తున్నంతసేపూ మీరు ఈమెయిల్ పంపరు, లాయరును పిలవరు.

6. లోపల ఉన్న మనిషికి అందాల్సిన నాలుగు మాటలు

కలిసే అవకాశం వస్తే దొరికేది ఒకటి రెండు నిమిషాలే. ఏడుపులు, నిందలు పక్కన పెట్టి ఇవి చెప్పండి.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. పోలీసులు విచారణలో రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెబుతుంది. అరెస్టు మెమో, ఒంటి మీద దొరికిన వస్తువుల జాబితా లాంటివి వేరు, అవి చదివి సంతకం చేయొచ్చు, వస్తువులకు రసీదు అడగాలి.

నేరం ఒప్పుకోమని బలవంతపెట్టే అధికారం ఎవరికీ లేదు. రాజ్యాంగం 20(3) అధికరణ రక్షణ ఇస్తుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అయితే ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. అందుకని "ఎలాగూ చెల్లదుగా" అని ఏదో ఒకటి చెప్పేయడం పొరపాటు.

అరెస్టు కారణాలను రాతపూర్వకంగా అడగాలి. నేరం ఏదైనా సరే, కారణాలను అరెస్టైన మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, ఆలస్యమైనా రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చింది. తెలుగు మాత్రమే వచ్చిన మనిషికి ఇంగ్లిష్ కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటే సరిపోదు.

దెబ్బలుంటే మెజిస్ట్రేట్‌కు చెప్పాలి. దీని గురించే తర్వాతి అంశం.

7. మెజిస్ట్రేట్ ముందు

"ఈరోజు ఆదివారం, రేపు పెడతాం" అంటే నమ్మకండి. సెలవు రోజున మెజిస్ట్రేట్ ఇంటి దగ్గర హాజరుపరుస్తారు. రాజ్యాంగం 22(2) అధికరణ, బీఎన్‌ఎస్‌ఎస్ 58వ సెక్షన్ ఇస్తున్న గడువు 24 గంటలు. మినహాయింపు ప్రయాణ సమయానికే కానీ ఆదివారానికి లేదు. ఏ మెజిస్ట్రేట్ ముందు ఎన్ని గంటలకు పెడుతున్నారో లాయరు ద్వారా తెలుసుకుని అక్కడికి ముందే చేరండి.

దానికి ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్య పరీక్ష జరగాలి. 53వ సెక్షన్ ప్రకారం ఆ నివేదిక నకలు అరెస్టైన మనిషికి గానీ, అతను చెప్పినవాళ్లకు గానీ ఇవ్వాలి. పోలీసులు పక్కనే నిలబడి ఉండగా డాక్టరు "ఏమైనా దెబ్బలున్నాయా" అని అడిగితే చాలామంది లేవనే అంటారు. అది అర్థం చేసుకోదగ్గ భయం, దానికి మనిషిని నిందించొద్దు. కానీ ఆ "లేవు" తర్వాత కేసును చాలా బలహీనం చేస్తుంది.

అందుకే మెజిస్ట్రేట్ ముందు దాన్ని సరిదిద్దుకోవాలి. "పోలీసులు ఇబ్బంది పెట్టారా?" అని అడిగినప్పుడు "కొట్టారండి" అని మాత్రమే చెబితే గాలికి పోతుంది. ఎక్కడ, దేనితో, ఎప్పుడు అన్నవి చెప్పాలి: "మంగళవారం రాత్రి పన్నెండు ప్రాంతంలో అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు, కుడి చేయి పైకి లేవడం లేదు, చూడండి." ఆ మాట నమోదు చేయమని, మళ్లీ వైద్య పరీక్షకు పంపమని లాయరు అక్కడే అడగాలి. ఎప్పుడు పట్టుకెళ్లారన్నది కూడా అదే ఊపులో చెప్పాలి. మీ ఈమెయిల్ ప్రింటు లాయరు చేతిలో ఉండాలి.

రిమాండ్ అంటే పోలీసులు అడిగితే ఇచ్చేసేది కాదు. అరెస్టు అవసరం చూపలేదని, కారణాలు రాసివ్వలేదని, 24 గంటలు దాటాయని తేలితే మెజిస్ట్రేట్ తిరస్కరించవచ్చు. ఈ వాదన వినిపించాల్సింది రిమాండ్ ఉత్తర్వు రాయకముందే. లాయరు ఆ సమయానికి లేకపోతే, తనకు న్యాయ సహాయం కావాలని ఆ మనిషి తానే అడగాలి. మెజిస్ట్రేట్ ఏర్పాటు చేయాలి.

8. 24 గంటలు దాటినా ఆచూకీ లేకపోతే

ఇక్కడ రెండు దారులున్నాయి. రెండూ ఒకేసారి ఆలోచించండి.

హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద హెబియస్ కార్పస్ పిటిషన్. మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్ ఇది. కుటుంబ సభ్యులే కాదు, స్నేహితుడైనా వేయొచ్చు. లాయరును లంచ్ మోషన్ (అదే రోజు మధ్యాహ్న విరామం తర్వాత అత్యవసరంగా వినమని కోరడం) అడగమనండి, సెలవైతే హౌస్ మోషన్ (న్యాయమూర్తి ఇంటి దగ్గరే వినమని కోరడం). కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి పౌరహక్కుల న్యాయవాదులు ఉమ్మడి రాష్ట్ర హైకోర్టులో ఇలాంటి పిటిషన్లతో ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పోరాటంలోనూ బలం ఇచ్చింది కుటుంబాలు సమయానికి రాసిన కాగితాలే.

రెండో దారి మీ ఊళ్లోనే ఉంది, ఎక్కువమందికి తెలియదు. బీఎన్‌ఎస్‌ఎస్ 100వ సెక్షన్ కింద, ఒక మనిషిని అక్రమంగా నిర్బంధించారని నమ్మడానికి కారణం ఉంటే, ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ సోదా వారెంటు ఇవ్వొచ్చు. శ్రీకాకుళం నుంచి అమరావతికో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో పరుగెత్తే లోపల స్థానిక కోర్టులో ఈ దరఖాస్తు దాఖలు చేసేయొచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇది 97.

ఒక జాగ్రత్త: హెబియస్ కార్పస్ వేశాక చాలాసార్లు ఆ రోజే అరెస్టు చూపించి రిమాండ్‌కు పంపేస్తారు. అప్పుడు పిటిషన్ పని చాలావరకు అయిపోయినట్టే, ఇక బెయిల్ దారి పట్టాలి. దాన్ని ఓటమి అనుకోకండి. మనిషి ఎక్కడున్నాడో తెలిసింది, కోర్టు లెక్కలోకి వచ్చాడు.

9. రిమాండ్ తర్వాత

ఏ జైలుకు పంపారో లాయరును అడిగి ములాఖత్‌కు వెళ్లండి. ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది కాబట్టి రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో చూడండి. బెయిలబుల్ నేరమైతే బెయిల్ హక్కు, దయ కాదు. పేదరికం వల్ల వారంలోగా జామీను ఇవ్వలేకపోతే సొంత పూచీకత్తు మీద వదలాలని 478వ సెక్షన్ చెబుతుంది. ఇతర నేరాల్లో 60 రోజులకో, పెద్ద నేరాలైతే 90 రోజులకో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం), ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) లాంటి వాటిలో ఈ గడువు ఇంకా ఎక్కువ ఉండొచ్చు. గడువు నిండగానే దరఖాస్తు పడాలి. ఛార్జిషీటు ముందు పడితే ఆ హక్కు పోతుంది.

ఆడవాళ్లు, పిల్లలు, వృద్ధులు

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో చేయాలన్నా మహిళా అధికారి ముందుగా ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రాత్రి పదింటికి గుమ్మం ముందు నిలబడితే ఆ అనుమతి కాగితం అడగండి.

18 ఏళ్లలోపు పిల్లల్ని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు, 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. పదో తరగతి మెమో లేదా జనన ధ్రువపత్రం వెంటనే చూపించండి. వయసు 19 అని రాసేశాక మార్చడం పెద్ద తతంగం.

మూడేళ్లలోపు శిక్ష ఉన్న కేసులో 60 దాటినవారిని, బలహీనంగా ఉన్నవారిని డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. ఇది 35(7), కొత్త చట్టంలో వచ్చిన నియమం.

పని జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

రిమాండ్ తర్వాత రెండు మూడు రోజుల్లో నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టండి: మీ ఈమెయిల్, అరెస్టు మెమో, వైద్య నివేదిక, రిమాండ్ రిపోర్టు. ప్రతిదానిలో ఉన్న తేదీ, సమయం, స్థలం ఒక తెల్ల కాగితం మీద వరుసగా రాయండి. మెమోలో స్థలం బస్టాండు, మీ ఈమెయిల్‌లో ఇల్లు అని ఉంటే దాన్ని గుర్తు పెట్టండి. మెమోలో సమయం మీ ఈమెయిల్ పంపిన సమయం తర్వాత ఉంటే అది ఇంకా పెద్ద తేడా. అరెస్టే కాని మనిషి గురించి ఒక రోజు ముందే మీరెందుకు ఈమెయిల్ పంపారో అవతలివాళ్లు వివరించాల్సి వస్తుంది. మెమో మీద సాక్షి ఎవరో చూడండి. మీకు, మీ వీధికి తెలియని పేరు ఉంటే అదీ రాయండి. ఈ కాగితం లాయరుకు ఇవ్వండి. బెయిల్ పిటిషన్‌లో ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

తేడా కనిపిస్తే సీసీ కెమెరా దృశ్యాల కోసం ఆలస్యం చేయకండి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, రికార్డింగు కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఆ ఆదేశం ఉన్నా కెమెరా పనిచేయలేదన్న జవాబు రావచ్చు. మొదటి రాత్రే భద్రపరచమని రాసి ఉంటే ఆ జవాబు చెప్పడం కష్టమవుతుంది. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగండి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7(1) సెక్షన్ చెబుతుంది. దరఖాస్తు పైభాగంలోనే "ఇది వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినది" అని రాయండి.

దెబ్బలు తగిలి ఉంటే జాతీయ లేదా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. తెలుగులోనే రాయొచ్చు, రుసుం లేదు. ఘటన జరిగి ఏడాది దాటితే మాత్రం తీసుకోరు. రెండు కమిషన్లకూ వేర్వేరుగా వేస్తే ఒకటి పక్కన పడుతుంది కాబట్టి ఒకదాన్నే ఎంచుకుని, మొదటి రాత్రి ఈమెయిల్, వైద్య నివేదిక, సమయాల కాగితం జతచేసి పంపండి. ఫిర్యాదు నంబరు వచ్చాక దాన్ని నోటు పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకోండి, తర్వాత ప్రతి ఉత్తరంలోనూ అది రాయాల్సి ఉంటుంది.